చెవికి పసుపు బిళ్ళ

కౌసల్య పనిచేసేది బడిలో, ఎక్కేది మాత్రం మందుల ఫ్యాక్టరీ బస్సు. పొద్దున చౌటుప్పల్ హైవే పక్కన టీ కొట్టు ముందర ఆ బస్సు ఆగుతుంది. మెడలో పసుపు రిబ్బన్‌కు వేలాడే కార్డు ఉన్నవాళ్ళనే డ్రైవరు ఎక్కనిస్తాడు. కౌసల్య మెడలోనూ ఒకటుంది. బండగూడెం బడి ముందర ఆమె దిగుతుంది. ఆమె దిగిన మెట్టు మీదుగానే ఊరి మగవాళ్ళు ఎక్కుతారు. వాళ్ళంతా ఆమె దగ్గర చదివే పిల్లల నాయినలు.

"టీచరమ్మా, మావోడు చదువుతున్నడా?" అంటాడు ఒకాయన.

"చదవకుంటే గీ బస్సే ఎక్కుతడు తియ్యి, నీకేం ఫికర్?" అంటాడు వెనకున్నాయన.

నవ్వులు వినిపిస్తాయి. బస్సు తలుపు మూసుకుంటుంది. నవ్వులు లోపలే ఉండిపోతాయి.

ఆమె మెడలో ఆ కార్డు ఎందుకంటే, జీతం ఇచ్చేది ఫ్యాక్టరీయే. కౌసల్య టీచర్ ట్రైనింగు చదివింది. అర్హత పరీక్ష పాసయింది. సర్కారు ఉద్యోగాల ప్రకటన ఇయ్యాళ వస్తది, రేపొస్తది అని ఎదురుచూస్తూ పెళ్ళి చేసుకుంది. కొన్నాళ్ళు విద్యా వాలంటీరుగా చేసింది. కరోనాకు బడులు మూతపడ్డప్పుడు ఆ పనీ పోయింది. తర్వాత బండగూడెంలో బోరునీళ్ళు వాసన కొడుతున్నాయని ఊరంతా ఫ్యాక్టరీ గేటు ముందర కూర్చుంది. ఊరిని చల్లబరచడానికి ఫ్యాక్టరీ మూడు ఇచ్చింది. నీళ్ళ ప్లాంటు, బడిగోడలకు రంగు, కౌసల్య.

ఆమె భర్త దామోదర్ అదే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఏళ్ళుగా కాంట్రాక్టు మనిషే. కాంట్రాక్టు వాళ్ళకు పసుపు రిబ్బన్, పర్మినెంటు వాళ్ళకు నీలం. ఆ నీలం రిబ్బన్ కోసమే దామోదర్ పండగ రోజుల్లోనూ డ్యూటీ చేస్తాడు. కౌసల్యకు ఈ పని ఇప్పించింది కూడా ఆయన సూపర్‌వైజరే. "ఇద్దరం ఒక్క కొమ్మ మీదనే కూసున్నం. ఎవ్వరు కదిలినా ఇద్దరం పడ్తం" అని దామోదర్ అప్పుడప్పుడు నవ్వుతాలుకు అంటాడు. కౌసల్య మాత్రం ఆ మాటకు ఎన్నడూ నవ్వలేదు.

వాళ్ళుండే కిరాయి ఇంట్లో వంటగదికి ఒకే కిటికీ. సాయంత్రం పూట ఫ్యాక్టరీల వైపు నుంచి కుళ్ళిన ఉల్లిగడ్డ లాంటి వాసన వస్తుందని దానికి ప్లాస్టిక్ కవరు అతికించారు. మొదట్లో పొద్దున తీసి, సాయంత్రం అతికించేవాళ్ళు. తర్వాత తీయడం మానేశారు. ఆ కిటికీ అవతల ఏముందో కౌసల్యకు ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. తడిబట్టలు ఇంట్లోనే ఆరుతాయి, పోపు పొగ ఇంట్లోనే తిరుగుతుంది, ఆమె మాటలు కూడా ఆ ఇంట్లోనే తిరిగి తిరిగి అలిసిపోతాయి.

ఆమెకు ఊపిరి ఆడేది వారంలో ఒక్కసారే, శనివారం మధ్యాహ్నం బొమ్మల క్లాసులో.

మొదటి శనివారం "మీకిష్టమైన బొమ్మ వేయండి" అంది. అందరూ ఒకే బొమ్మ వేశారు. రెండు కొండలు, మధ్యలోంచి లేచే సూర్యుడు, ఒక పెంకుటిల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు, ముందర ఏరు. బండగూడెంలో ఏరు లేదు. కొబ్బరిచెట్టు అసలే లేదు.

"గీ ఇల్లు ఎవరిది నరేష్?"

"ఎవలదీ కాదు టీచర్. బొమ్మల ఇల్లు."

"గీ ఇంట్ల ఎవరుంటరు?"

నరేష్ తన బొమ్మను తానే కొత్తగా చూసుకున్నాడు. "ఎవలుండరు టీచర్. తలుపు ఏసే ఉంటది."

ఆ జవాబు వారమంతా కౌసల్యను వదల్లేదు. తర్వాతి శనివారం ఆమె బొమ్మల మాట ఎత్తలేదు. గొర్ల మాట ఎత్తింది. బండగూడెంలో సగానికి పైగా గొర్ల కాపరుల ఇండ్లే.

"కుంట కాడ నీళ్ళు తాగేటప్పుడు మీ గొర్లు, ఎల్లయ్య తాత గొర్లు కలిసిపోతయి గదా? మళ్ళ ఎట్ల ఏరుకుంటరు?"

ఇంత పెద్ద మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు పిల్లలు జాలిగా చూశారు.

"ఎర్ర జాజు మచ్చ ఉంటది గద టీచర్! మాది నడుం మీద అడ్డగీత."

"మాది తోక కాడ!"

"మాది మెడ మీద, గుండ్రంగ!"

"ఆ జాజు గీత గొర్రెనా?" అని అడిగింది కౌసల్య.

"కాదు."

"మీ నాయిననా?"

"కాదు టీచర్!" అని నవ్వులు.

"మరి ఏంది?"

చివరికి ఐదో తరగతి మనీష లేచింది. బస్సెక్కే సాయిలు కూతురు. బక్కపలుచటి పిల్ల, మాట్లాడితే లెక్కపెట్టుకొని మాట్లాడుతుంది. "గీత సూస్తే మా నాయిన యాదికొస్తడు టీచర్. నాయిన ఆడ లేకున్నా ఉన్నట్టే."

"గంతే!" అంది కౌసల్య. తన గొంతు అంత గట్టిగా వచ్చినందుకు తానే ఉలిక్కిపడింది. "బొమ్మల గూడ గంతే. మనిషిని ఏయకుండనే మనిషిని చెప్పొచ్చు. కోపాన్ని చెప్పొచ్చు, భయాన్ని, బుగులును చెప్పొచ్చు. దాన్నే గుర్తు అంటరు. అయితే మీకు ఎరుకైన గుర్తే ఏయాలె. ఇంకో మాట. గుర్తుకు అర్థం ఏందని ఎవరడిగినా చెప్పే పని లేదు. బొమ్మే చెప్తది."

ఆ రోజు నుంచి కొండలు పోయాయి, కొబ్బరిచెట్లు పోయాయి. నరేష్ ఒక ఇసుర్రాయి వేసి "మా అవ్వ" అన్నాడు. ఎట్లా అంటే, "కూసున్న కాడ్నుంచి జరపాలంటే ఇద్దరు గావాలె టీచర్." ఒకడు ఎక్కాల పుస్తకంలోంచి తేళ్ళు వస్తున్నట్టు వేశాడు. ఇంకొక పిల్ల హెడ్మాస్టర్ ప్రేమ్‌సాగర్ సారును తాళంచెవుల గుత్తిగా వేసింది. బీరువా తాళం, గది తాళం, బియ్యం డబ్బా తాళం, అన్నీ ఆయన నడుముకే ఉంటాయి మరి. ఆయన ఆ బొమ్మను దూరంగా పట్టుకొని చూసి, "నేనేనా గిది? పోనీ, కడుపన్న తగ్గించిన్రు" అన్నాడు.

కౌసల్యకు ఆ శనివారాలు కిటికీ తెరిచినట్టు ఉండేవి.

అట్లా ఉండగానే ఆ నోటీసు వచ్చింది. 'మా ఊరి వెలుగులు' అని ఫ్యాక్టరీ వాళ్ళు బొమ్మల పోటీ పెట్టారు. ఊరి పనులు చూసే ఆఫీసరు నవీన్‌కుమార్ స్వయంగా బడికి వచ్చి చూస్తాడు. మంచి బొమ్మకు రంగుల డబ్బా బహుమతి. గడువు మూడే రోజులు, మూడుకు మూడు రోజులూ పిల్లలు వంచిన తల ఎత్తకుండా వేశారు. నీళ్ళ ప్లాంటు వేశారు, రంగుల గోడలు వేశారు, బస్సు వేశారు.

మనీష కూడా బస్సే వేసింది.

బస్సు కిటికీలకు ఊచలు లేవు, గొర్రెల దొడ్డికి కట్టే ముళ్ళకంప ఉంది. లోపల మగవాళ్ళు వరుసగా నిలబడ్డారు. మొహాలు మంచిగానే ఉన్నాయి, ఒకరిద్దరు నవ్వుతున్నారు కూడా. ఒక్కొక్కరి చెవికి ఒక పసుపు బిళ్ళ ఉంది. బస్సు కింద నేల మీద ఒక చెవి పడి ఉంది. చెవి ఒక్కటే, మనిషి లేడు. దానికీ పసుపు బిళ్ళ ఉంది.

కౌసల్య వెంటనే ఆ కాగితాన్ని బోర్లించింది. ఎందుకంటే ఆ బిళ్ళ సంగతి బండగూడెంలో ఎక్కాల కంటే ముందు నేర్చుకుంటారు. కొన్నేళ్ళ కింద సర్కారు ఊరికి గొర్లిచ్చినప్పుడు ఒక్కొక్కదాని చెవికి నంబరుతో పసుపు బిళ్ళ వేసి ఇచ్చింది. గొర్రె చస్తే బిళ్ళతో సహా చెవి కోసి పశువుల డాక్టరుకు చూపించాలి. అప్పుడే బీమా. చెవి తేకపోతే గొర్రె చచ్చినట్టు కాదు. మనీష వాళ్ళ ఇంట్లో అట్లా చాలా చెవులు కోశారు. మేపే జాగాల్లో ప్లాట్ల హద్దురాళ్ళు లేచాక సాయిలు మిగిలిన మందను అమ్మేశాడు. తమ్ముడు మల్లేశ్‌ను వెంటబెట్టుకొని ఫ్యాక్టరీ బస్సు ఎక్కాడు.

పోయిన వానాకాలం మల్లేశ్ ట్యాంకు కడగడానికి దిగి మళ్ళీ లేవలేదు. వాడికి ముందునుంచే మూర్ఛ ఉందని ఫ్యాక్టరీ చెప్పింది. లేదని ఊరు చెప్పింది. దినాలు కాకముందే ఆఫీసు నుంచి ఒకతను వచ్చి గుమ్మం బయటే నిలబడి, "మల్లేశ్ కార్డు ఇయ్యున్రి. కార్డు ముడితేనే పైసల కాగితాలు ముందుకు పోతయి" అన్నాడు. ఇల్లంతా వెతికింది మనీషే. శవంతో పాటు వచ్చిన బట్టలు చుట్టిపెట్టిన చిన్నాయిన గొంగడి మడతలో దొరికింది. పసుపు రిబ్బన్ చుట్టి ఉన్న కార్డును ఆ పిల్లే తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మనీషా, ఇంకోటి ఏస్తవా? టైం ఉంది గద. నీళ్ళ ప్లాంటు ఏస్తవా?" అంది కౌసల్య.

"గిది మంచిగ లేదా టీచర్?"

"మంచిగుంది."

"మరి?"

అబద్ధం వేయమని చెప్పలేక కౌసల్య ఆ బొమ్మను సారు దగ్గరికి పట్టుకుపోయింది.

ప్రేమ్‌సాగర్ సారు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. ఆయన ఈ ఊళ్ళో పదేళ్ళ నుంచి ఉన్న మనిషి. అర్థం చెప్పాల్సిన పని పడలేదు. "కౌసల్యమ్మా, నాది సర్కారు కొలువు. రిటైర్మెంటు దగ్గర పడ్డది. నాకేం గాదు, నీ గురించే చెప్తున్న. గోడకు పెట్టకుంటే గీ పిల్ల అడుగుతది. పెడితే వాళ్ళడుగుతరు. ఎవరికి జవాబు చెప్పుడు అల్కగుంటదో సూస్కో."

ఆ సాయంత్రం అన్నం వండుతూ కౌసల్య బొమ్మ సంగతి దామోదర్‌కు చెప్పింది. ఆయన ముందు నవ్వాడు. "మస్తు ఏసిందిగా పొల్ల!" తర్వాత ఆయన చెయ్యి దానంతటదే మెడలోని కార్డు మీదికి పోయింది. ఇంటికి వచ్చి చాలాసేపయినా కార్డు ఇంకా తీయలేదు.

"ఈసారి పర్మినెంటోళ్ళల్ల నా పేరుందంటున్నరు" అన్నాడు. "జర ఆలోచన జెయ్యి. గోడకు పెట్టకు."

"పెట్టకుంటే?"

"పెట్టకుంటే ఏముంది? చిన్నపిల్ల. మర్చిపోతది."

"నువ్వు మర్చిపోయినవా మల్లేశ్‌ను?"

దామోదర్ లేచి టీవీ సౌండు పెంచాడు. ప్లాస్టిక్ కవరు అతికించిన కిటికీ వైపు చూస్తూ కౌసల్య అన్నం కలిపింది. ఇద్దరూ తిన్నారు.

మరునాడు ఆమె చేసిన పని ఏమిటంటే, బొమ్మను గోడకు పెట్టింది, పెట్టనట్టూ పెట్టింది. తరగతి తలుపు లోపలికి తెరుచుకుంటుంది. తెరిచిన తలుపు వెనక గోడమీద బొమ్మ కనపడదు. అక్కడ అతికించింది.

"తలుపు ఎనక పెట్టిన్రా టీచర్?" అంది మనీష.

"ఆడైతే గాలికి లేవదు."

మనీష తలుపునూ, టీచరునూ చూసి తన బెంచీకి పోయింది.

నవీన్‌కుమార్ కారు మధ్యాహ్నం దాటాక వచ్చింది. తెల్లచొక్కా, నీలం రిబ్బన్. మంచి మనిషే, పిల్లలను నవ్వుతూ పలకరించాడు. నీళ్ళ ప్లాంటు బొమ్మ దగ్గర ఆగాడు, రంగుల గోడ దగ్గర ఆగాడు. సారు పక్కనే నడుస్తున్నాడు, నడుముకు తాళంచెవులు గలగలమంటున్నాయి. ఇంకొక వరుస అయితే అయిపోతుంది. కౌసల్య చేతులు కట్టుకొని, తెరిచిన తలుపును వీపుతో ఆనుకొని నిలబడింది.

అప్పుడే గాలి మళ్ళింది. పొద్దుగూకకముందే ఆ వాసన తరగతిలోకి వచ్చింది. పిల్లలు అలవాటుగా ముక్కులు మూసుకున్నారు. నవీన్‌కుమార్ జేబురుమాలు తీసి, "ఆ తలుపు కాస్త వేయండమ్మా" అన్నాడు.

కౌసల్య కదల్లేదు.

"తలుపండి. వాసన వస్తోంది."

ఆమె పక్కకు జరిగింది. ఆయనే వచ్చి తలుపు తోశాడు. తలుపు మూసుకుంది, గోడ బయటపడింది.

"అరె, ఇక్కడొకటి దాచారే!" అని వంగి చూశాడు. "బస్సు మాదే. బాగుంది. చెవులకు ఈ పసుపు ఏమిటి? ఎవరు వేశారు?"

మనీష లేచి నిలబడింది.

"చెప్పు తల్లీ, ఏమిటిది?"

మనీష ఆయన వైపు చూడలేదు. టీచరు వైపు చూసింది. అర్థం చెప్పే పని లేదని చెప్పిన టీచరు. ఆ చూపులో భయం లేదు. ఇప్పుడు ఏం చేస్తావు అని అడగడం కూడా లేదు. మంద ఎటు తిప్పాలో ముందున్న మనిషిని చూసి తెలుసుకునే చూపు అది.

తలుపు మూసిన గదిలో వాసన లోపలే ఉండిపోయింది. కౌసల్యకు నీలం రిబ్బన్ కనిపించింది, దామోదర్ చెయ్యి కార్డు మీదికి పోవడం కనిపించింది.

"పోగులు సార్," అంది. "మా దిక్కు పాతకాలం మగవాళ్ళు చెవులకు పోగులు పెట్టుకుంటరు."

"ఓహో! సంప్రదాయం! మరి కింద ఇదేమిటి?"

"ఆకు సార్. పచ్చదనానికి."

"టీచర్, అది చెవి..." అని నరేష్ ఏదో అనబోయాడు. మనీష కాలు వాడి కాలి మీద పడింది. వాడు "అబ్బా" అని ఆగిపోయాడు.

"ఆకే సార్," అంది మనీష. "రావి ఆకు."

నవీన్‌కుమార్ ఆమె తల నిమిరి, "ఆకు చెట్టుకుంటే ఇంకా బాగుండేది" అన్నాడు. బహుమతి నీళ్ళ ప్లాంటు బొమ్మకు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. మనీష కూడా కొట్టింది.

ఆ తర్వాత వారమంతా కౌసల్య ఎదురుచూసింది. పిల్ల అలుగుతుందని, అడుగుతుందని, వాళ్ళ నాయినకు చెబుతుందని. సాయిలు రోజూ బస్సు మెట్టు దగ్గర "మంచిదా టీచరమ్మా" అని మామూలుగానే పలకరించాడు. మనీష హోంవర్కు చేసింది, పద్యం అప్పజెప్పింది, ఏమీ అనలేదు. పిల్ల ఒక్క మాట అంటే బాగుండు అనిపించింది కౌసల్యకు. తిట్టినా బాగుండు.

శనివారం వచ్చింది. "ఇష్టమున్నది ఏయున్రి" అని కౌసల్య వరుసల మధ్య నడిచింది. మనీష దగ్గరికి వచ్చేసరికి ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

రెండు కొండలు. మధ్యలోంచి సూర్యుడు. పెంకుటిల్లు. కొబ్బరిచెట్టు. ఏరు. ఎంతో శుభ్రంగా, స్కేలు పెట్టి గీసింది.

"గీ ఇంట్ల ఎవరుంటరు మనీషా?" అంది కౌసల్య.

"ఎవలుండరు టీచర్," అంది పిల్ల తల ఎత్తకుండా. "తలుపు ఏసే ఉంటది."

కౌసల్య బోర్డు దగ్గరికి పోయింది. ఇన్ని శనివారాల్లో ఆమె బోర్డు మీద ఒక్క బొమ్మా వేయలేదు. తను వేస్తే పిల్లలు దాన్నే దించుతారని ఆమె భయం. ఇప్పుడు సుద్దముక్క తీసుకొని ఒక బస్సు గీసింది. బస్సులో ముందు సీటు గీసింది. సీట్లో ఒక ఆడమనిషిని, జడను, చీర కొంగును, చేతిలో పుస్తకాన్ని గీసింది. కిటికీకి ముళ్ళకంప పెట్టింది.

డబ్బాలో పసుపు సుద్ద కోసం వెతికింది. చిన్న ముక్కే మిగిలింది. ఆ ఆడమనిషి చెవికి ఒక బిళ్ళ వేసింది. ముక్క వేళ్ళకు పట్టు దొరకక అది గుండ్రంగా రాలేదు. తెల్లసుద్దతో పెట్టిన చెవి గీత మీద పసుపు కారినట్టు వచ్చింది.

వెనక్కి తిరిగే ధైర్యం చాలక బోర్డు వైపే చూస్తూ నిలబడింది. ఎవరో బెంచీ జరిపారు. చిన్న అడుగులు దగ్గరికి వచ్చాయి.

"టీచర్," అంది మనీష. "బిళ్ళ ఆ చెవికి కాదు."

"ఆఁ?"

"మా దిక్కు ఎడమ చెవికి ఏస్తరు. గిటు."

పిల్ల మునివేళ్ళ మీద లేచి కుడిచెవి బిళ్ళను అరచేత్తో తుడిచింది. కౌసల్య చేతిలోని పసుపు ముక్కను తీసుకుంది. ఎడమ చెవికి గుండ్రంగా, నిదానంగా, గుచ్చిపెట్టినట్టు వేసింది. ఒకసారి వెనక్కి జరిగి చూసింది. సరిపోయినట్టుంది. సుద్ద తిరిగి టీచరు చేతిలో పెట్టి, పోయి తన జాగాలో కూర్చుంది. స్కేలు పక్కన పెట్టి కాగితం వెనక్కి తిప్పింది.

బయట ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. పిల్లలు సంచులు సర్దుకున్నారు. ప్రేమ్‌సాగర్ సారు తాళం పట్టుకొని గుమ్మంలోకి వచ్చాడు. బోర్డును చూశాడు, కౌసల్యను చూశాడు.

"తుడిచి పోతవా?"

"లేదు సార్."

"సోమవారం దాకా గట్లనే ఉంటది మరి."

"ఉండనీయండి సార్."

ఆయన గదికి తాళం వేశాడు. కౌసల్య కార్డు మెడలో సరిచేసుకొని బస్సు ఎక్కింది. ముందు సీట్లో కూర్చుంది. తలుపు మూసుకుంది.